చెరువు కట్ట మీద వంశవృక్షం: బయ్యారం శాసనంలో మైలాంబ

1. ప్రవేశిక

కాకతీయుల కాలపు స్త్రీ అనగానే మనకు రుద్రమదేవి గుర్తుకు వస్తుంది. నవలలు, నాటకాలు, సినిమాలు ఆమె చుట్టూ అల్లుకున్నాయి. అదే ఇంట్లో ఆమెకు ఒక తరం ముందు పుట్టిన మైలాంబ పేరు మాత్రం ఎక్కువలో ఎక్కువ ఒక మార్కు ప్రశ్నకు జవాబుగా కనిపిస్తుంది. "ధర్మకీర్తి సముద్రాన్ని కట్టించినది ఎవరు?" అని అడుగుతారు. "గణపతిదేవుని సోదరి మైలాంబ" అని రాస్తాం. అంతటితో ఆమె సంగతి ముగిసిపోతుంది.

అయితే ఒక విషయం ఆలోచించాలి. చరిత్ర పుస్తకాలలో కాకతీయుల వంశవృక్షాన్ని పటంగా గీసి ఇస్తారు. అందులోని తొలి తరాల పేర్లు వరుసగా దొరికినది ఏ రాజు వేయించిన శాసనంలోనూ కాదు. మైలాంబ కట్టించిన చెరువు దగ్గరి శాసనంలో. రాజవంశపు జ్ఞాపకాన్ని రాతి మీద నిలిపినది ఆ ఇంటి నుంచి పెళ్ళి చేసుకుని వెళ్ళిన ఆడబిడ్డ. ఆమె ఇచ్చిన పట్టికను మనం తీసుకున్నాం, ఆమెను మాత్రం అంచున నిలబెట్టాం.

ఈ పాఠంలో బయ్యారం శాసనాన్ని చారిత్రక ఆధారంగా మాత్రమే కాక ఒక రచనగా కూడా చదువుదాం. ఒక మధ్యయుగపు దొరసాని తన బంధుత్వాలను ఎలా చెప్పుకుంది, ఆ చెప్పుకోవడంలో ఆమె ఎంపిక ఎంత, ఆ ఎంపికకు ఉన్న హద్దులు ఏమిటి అన్నవి మన ప్రశ్నలు.

2. మైలాంబ కుటుంబం

మైలాంబ తండ్రి కాకతి మహాదేవుడు, తల్లి బయ్యమాంబ. గణపతిదేవుడు, కుందమాంబ ఆమె తోబుట్టువులు. ఓరుగల్లు కేంద్రంగా అరవై ఏళ్ళకు పైగా పాలించిన గణపతిదేవుని (1199–1262) కాలాన్ని కాకతీయుల వైభవ దశగా చెప్పుకుంటాం. కానీ ఈ పిల్లల తొలినాళ్ళు వైభవంగా లేవు. మహాదేవుడు దేవగిరి యాదవులతో జరిగిన యుద్ధంలో మరణించాడు. గణపతిదేవుడు శత్రువులకు బందీగా చిక్కాడు. రాజు లేని రాజ్యాన్ని రేచర్ల రుద్రుడు వంటి సేనానులు కాపాడారు. పాలంపేటలో రామప్ప గుడి కట్టించిన రుద్రుడు ఇతడే. యాదవులు గణపతిదేవుని విడిచిపెట్టిన తర్వాతనే ఇల్లు మళ్ళీ నిలదొక్కుకుంది.

ఈ నేపథ్యాన్ని మనసులో ఉంచుకోవడం అవసరం. వంశం నిరాటంకంగా సాగిపోతున్న ఇంట్లో వంశావళి ఒక అలంకారం. తండ్రి యుద్ధంలో కూలి, సోదరుడు చెరలో పడి, వంశం తెగిపోతుందేమోనన్న భయాన్ని చూసిన ఇంట్లో వంశావళి అంతకంటే పెద్ద సంగతి. తాతముత్తాతల పేర్లు వరుసగా చెప్పుకోవడమంటే ఈ ఇల్లు ఇంకా ఉందని చెప్పుకోవడమే.

మైలాంబను నతవాడి రుద్రునికి ఇచ్చి పెళ్ళి చేశారు. నతవాడి పాలకులు కాకతీయులకు సామంతులు. మైలాంబ సోదరి కుందమాంబ కూడా ఇదే రుద్రుని భార్య. ఒకే ఇంటి ఆడపిల్లలిద్దరినీ ఒకే సామంతునికి ఇవ్వడం ఇప్పటి మన కంటికి వింతగా ఉంటుంది. ఆనాటి రాజనీతిలో అది వింత కాదు.

3. వియ్యం, రాజ్యం

"వియ్యానికైనా కయ్యానికైనా సమవుజ్జీ ఉండాలి" అన్నది మన సామెత. కాకతీయుల విషయంలో కయ్యం తర్వాత వియ్యం రావడం తరచుగా కనిపిస్తుంది. గణపతిదేవుడు తీరాంధ్రం మీదికి దండెత్తి దివిసీమను లోబరచుకున్నాడు. అక్కడి అయ్య వంశీకుడైన పినచోడుని కుమార్తెలు నారాంబ, పేరాంబలను వివాహమాడాడు. వారి సోదరుడు జాయప కాకతీయ సేనాని అయ్యాడు. తర్వాతి కాలంలో 'నృత్తరత్నావళి' రచించినది ఈయనే. అంటే గణపతిదేవుడు అక్కచెల్లెళ్ళిద్దరిని తెచ్చుకున్నాడు. తన తోబుట్టువులిద్దరూ మరొక ఇంటికి వెళ్ళారు.

తర్వాతి తరంలోనూ ఇదే పద్ధతి సాగింది. గణపతిదేవుని కుమార్తెలలో రుద్రమదేవి నిడదవోలు చాళుక్య వీరభద్రుని భార్య. గణపాంబను ధరణికోటను ఏలిన కోట వంశపు బేతరాజుకు ఇచ్చారు. ఓరుగల్లు చుట్టూ ఉన్న చిన్న పెద్ద పాలకులను కత్తి ఎంతగా కలిపిందో పెళ్ళి కూడా అంతగా కలిపింది.

సాధారణంగా చరిత్ర పుస్తకాలు ఈ పెళ్ళిళ్ళను "వైవాహిక సంబంధాలు" అనే ఒక్క మాటలో తేల్చివేస్తాయి. ఆ మాటలో స్త్రీ ఒక వంతెన మాత్రమే: ఇటు తండ్రి, అటు మామగారు, మధ్యలో ఆమె. వంతెన ఏమీ మాట్లాడదు. బయ్యారం శాసనం విలువ ఇక్కడే తెలుస్తుంది. అందులో ఆ వంతెన మాట్లాడింది.

4. శాసనం ఏం చెబుతుంది?

బయ్యారం నేటి మహబూబాబాద్ జిల్లాలో ఉంది. అక్కడి పెద్ద చెరువే మైలాంబ కట్టించిన ధర్మకీర్తి సముద్రం. ఆ చెరువు నిర్మాణాన్ని తెలిపే శాసనం కాకతి వంశాన్ని క్రమంగా వర్ణిస్తుంది.

దుర్జయ వంశంలో పుట్టిన వెన్ననృపునితో లెక్క మొదలవుతుంది. తర్వాత వరుసగా ముగ్గురు గుండరాజులు వస్తారు. ఆ ముగ్గురినీ కవి పరశురాముడు, దశరథరాముడు, బలరాముడు అనే ముగ్గురు రాములతో పోల్చాడు. వారి తర్వాత ఎఱ్ఱ, పిండిగుండ, మొదటి బేత, మొదటి ప్రోల, రెండవ బేత, రెండవ ప్రోల, రుద్ర, మహాదేవ, గణపతి.

ఈ పట్టికలో మూడు విషయాలు గమనించాలి.

మొదటిది, పోలిక. ఒకే పేరున్న ముగ్గురు పూర్వులు వరుసగా రావడం ఏ కవికైనా ఇబ్బందే. ముగ్గురూ ఒకరిలో ఒకరు కలిసిపోతారు, వినేవారికి గుర్తుండరు. ఒకే పేరున్న ముగ్గురు పురాణపురుషులను వారికి జోడించడంతో ఆ ఇబ్బంది అందంగా తీరింది. ఇది పొగడ్త మాత్రమే కాదు, జ్ఞాపకం పెట్టుకునే ఉపాయం కూడా. వంశావళి నోటి మీద నిలవవలసిన విషయం కాబట్టి ఇటువంటి ఉపాయం అవసరమైంది.

రెండవది, నమ్మకం. క్రీ.శ. 956 నాటి మాంగల్లు శాసనంలో కాకర్త్య గుండ్యన అనే సేనాని కనిపిస్తాడు. వేంగీ చాళుక్య దానార్ణవుడు అతని కోరికపై ఇచ్చిన దానశాసనం అది. అందులో అతని పూర్వులుగా గుండియ రాష్ట్రకూటుడు, ఎఱియ రాష్ట్రకూటుడు, బేతియ అనే పేర్లు ఉన్నాయి. రెండు శతాబ్దాలకు పైగా గడిచిన తర్వాత వేయించిన బయ్యారం శాసనంలోని మూడవ గుండ, ఎఱ్ఱ, పిండిగుండలతో ఈ పేర్లు సరిపోతున్నాయి. ఒకదాని గురించి ఒకటి ప్రస్తావించని రెండు ఆధారాలు ఒకే మాట చెప్పినప్పుడు చరిత్రకారునికి ధైర్యం వస్తుంది. 1978లో వెలువడిన పి.వి. పరబ్రహ్మశాస్త్రి కాకతీయ చరిత్ర గ్రంథం తొలి కాకతీయుల కథను తిరిగి కూర్చడంలో బయ్యారం శాసనం కీలకం.

ఇక్కడే ఒక తేడా కూడా ఉంది. మాంగల్లు శాసనం చెప్పిన బేతియ పేరు బయ్యారం పట్టికలో లేదు. చెప్పుకోదగ్గ అధికారం చేపట్టకపోవడం వల్ల అతని పేరు జారిపోయి ఉండవచ్చునని పండితులు ఊహించారు. కారణం ఏదైనా, ఒక పాఠం మాత్రం స్పష్టం: వంశావళి అంటే జరిగినదంతా రాసిన చిట్టా కాదు. ఎవరిని ఉంచాలి, ఎవరిని వదలాలి అన్న ఎంపిక అందులో ఉంటుంది.

మూడవది, ఎత్తు. గణపతిదేవుని మోటుపల్లి శాసనం (1244–45) కాకతీయులను సూర్యవంశానికి కలుపుతుంది. దుర్జయుని పూర్వులలో శ్రీరాముణ్ణి కూడా లెక్కిస్తుంది. మోటుపల్లి ఓడరేవు. దూరదేశాల వర్తకులకు అభయమిస్తూ వేయించిన శాసనం అది. అక్కడ రాజు తన వంశాన్ని ఆకాశం దాకా తీసుకువెళ్ళాడు. బయ్యారంలో రాముడు పోలిక మాత్రమే, పూర్వికుడు కాడు. పట్టికలో ఉన్నవారు గుండలు, బేతలు, ప్రోలలు. ఊళ్ళలో పిలుచుకునే పేర్లు. పిండిగుండ అన్న పేరులో ఇంటివాళ్ళ పిలుపు ఇప్పటికీ వినిపిస్తుంది. ఓడరేవులో పరాయివారికి చెప్పే వంశం ఒకటి, చెరువు కట్ట మీద తనవారికి చెప్పే వంశం మరొకటి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివినప్పుడు సోదరుని శాసనం కంటే సోదరి శాసనమే చరిత్రకు దగ్గరగా ఉందని ఒప్పుకోక తప్పదు.

5. ఇది ఎవరి గొంతు?

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. శాసనాన్ని రచించినది కవి, చెక్కినది శిల్పి. అందులోని మాటలను మైలాంబ మాటలుగా ఎలా తీసుకుంటాం? ప్రశస్తి అనే ప్రక్రియకు ఒక మూస ఉంది: దేవతాస్తుతి, వంశవర్ణన, దాత గుణకీర్తన, దానవివరం, చివర దానాన్ని చెరిచినవారికి శాపం. మూసలో పోసిన మాటల్లో వ్యక్తిని వెతకడం సబబేనా?

ఆక్షేపణలో బలం ఉంది. దీనికి జవాబు మన సాహిత్యంలోనే దొరుకుతుంది. ప్రాచీన కావ్యాలను చదివేటప్పుడు మనం అవతారికను గమనిస్తాం. కృతిపతి ఎవరు, అతని వంశం ఏది అన్నది కవి అక్కడ చెబుతాడు. రాజరాజనరేంద్రుడు పాండవులు తన వంశానికి మూలపురుషులు కనుక వారి కథ వినాలని కోరాడని, ఆ కోరికే ఆంధ్ర మహాభారతానికి కారణమని చదువుకున్నాం. తిక్కన 'నిర్వచనోత్తర రామాయణా'న్ని మనుమసిద్ధికి అంకితమిచ్చాడు. ఆ పద్యాలు నన్నయవి, తిక్కనవి. కానీ ఏ వంశాన్ని పొగడాలన్నది కృతిపతిని బట్టే నిర్ణయమవుతుంది. రాజరాజు కోరికను రాజరాజుది అని ఒప్పుకుంటున్నప్పుడు, మైలాంబ శాసనంలోని కోరికను మైలాంబది కాదనడానికి కారణం లేదు.

అంటే బయ్యారం శాసనంలో మైలాంబ కృతిపతి స్థానంలో నిలబడి ఉంది. మాటలు కవివి, ఎవరిని తలచుకోవాలన్న నిర్ణయం ఆమెది. పెళ్ళయ్యాక స్త్రీ గోత్రం మారుతుందని ధర్మశాస్త్రం చెబుతుంది. "ఆడపిల్ల ఆడ పిల్లే గానీ ఈడ పిల్ల కాదు" అని లోకం అంటుంది. నతవాడి ఇంటి కోడలైన మైలాంబ తన ధర్మకార్యం దగ్గర కాకతి వంశాన్ని తరతరాలుగా చెప్పించింది. పుట్టింటి పేరు చెప్పుకునే హక్కును ఆమె వదులుకోలేదు.

ఇది ఆమె ఒక్కతె చేసిన పని కాదు. ఆమె మేనకోడలు గణపాంబ వేయించిన యనమదల శాసనం కూడా ముందు కాకతీయులను, ఆపైన భర్త వంశమైన కోటవారిని వర్ణిస్తుంది. రెండు తరాల్లో ఇద్దరు ఆడబిడ్డలు ఒకే పని చేశారంటే దాన్ని యాదృచ్ఛికం అనలేం. మరికాస్త వెనక్కి వెళితే గూడూరు శాసనంలో విరియాల ఎఱ్ఱని భార్య కామసాని కనిపిస్తుంది. కాకతి బేతరాజు ఆపదలో ఉన్నప్పుడు చాళుక్య చక్రవర్తి ప్రాపకం సంపాదించి అతనిని హనుమకొండలో నిలబెట్టినది ఆమె. ఒక స్త్రీ వంశాన్ని నిలబెట్టింది, మరొక స్త్రీ దాన్ని రాతికెక్కించింది. "వంశోద్ధారకుడు" అన్న మాటను మనం పుంలింగంలోనే వాడుతుంటాం. ఈ శాసనాలు ఆ అలవాటును ప్రశ్నిస్తాయి.

6. చెరువు అనే సంతానం

మన సంప్రదాయంలో సప్తసంతానాలు చెబుతారు: పుత్రుడు, తటాకం, దేవాలయం, వనం, అగ్రహారం, ధననిక్షేపం, ప్రబంధం. మనిషి పోయాక అతని పేరు నిలిపేవి ఇవి. కొడుకు తండ్రి వంశాన్ని కొనసాగిస్తాడు. తల్లి పేరు వంశావళిలో నిలవాలన్న నియమం లేదు. చెరువు అలా కాదు. ఎవరు కట్టిస్తే వారి సంతానమే. ఈ భావన స్త్రీకి వంశక్రమం బయట ఒక దారి చూపించింది.

చెరువుకు పెట్టిన పేరు కూడా గమనించదగినది. భర్త మరణించాక గణపాంబ ఆయన పేర బేతేశ్వరాలయాన్ని, తండ్రి పేర గణపేశ్వరాలయాన్ని కట్టించింది. గోన బుద్ధారెడ్డి కుమార్తె కుప్పాంబిక భర్త మల్యాల గుండని పేర గుండేశ్వరుని ప్రతిష్ఠించింది. ఇవి ప్రేమతో, గౌరవంతో చేసిన పనులు. కానీ ఆ పేర్లలో కట్టించినవారు కనబడరు. మైలాంబ చెరువు పేరులో తండ్రి లేడు, భర్త లేడు, సోదరుడు లేడు. ధర్మం, కీర్తి ఉన్నాయి. శాసనంలో వంశాన్ని ఇంత వివరంగా చెప్పించిన స్త్రీ చెరువును మాత్రం ఎవరి పేరుతోనూ కట్టివేయలేదు. బంధుత్వాన్ని తలచుకోవడం వేరు, బంధుత్వంలో కరిగిపోవడం వేరు అని ఈ ఒక్క ఉదాహరణ చూపిస్తుంది.

7. హద్దులు

ఇంతమాత్రాన మైలాంబను ఆధునిక అర్థంలో స్వతంత్ర స్త్రీగా చిత్రించడం తగదు. మూడు హద్దులు గుర్తుంచుకోవాలి.

ఒకటి, పుట్టింటి మీది ప్రేమ ఇక్కడ రాజకీయం కూడా. ఆమె సోదరుడు సార్వభౌముడు, భర్త సామంతుడు. సామంతుని భార్య తన పుట్టింటి వంశాన్ని రాతి మీద చెక్కించడమంటే, పైనున్న అధికారం ఎవరిదో చుట్టుపక్కల వారికి గుర్తుచేయడం కూడా. సోదరుని బలమే ఆమె గొంతుకు బలమిచ్చింది. అంత బలం లేని ఇంటి నుంచి వచ్చిన కోడలికి ఈ అవకాశం ఉండేదా అన్నది అడగవలసిన ప్రశ్న.

రెండు, వంశావళిలోని పేర్లు. శాసనం వేయించినది స్త్రీయే అయినా, చరిత్రకారులు దాని నుంచి తీసి మనకిచ్చిన పట్టికలో వెన్న నుంచి గణపతి దాకా అందరూ పురుషులే. ఆ వంశాన్ని కన్న స్త్రీలు పట్టికలోకి ఎక్కలేదు. వంశం అన్న భావననే మైలాంబ మార్చలేదు. ఉన్న భావనలో తనకొక చోటు సంపాదించుకుంది.

మూడు, శ్రమ. పెద్ద చెరువుకు కట్ట పోయాలి, రాళ్ళు పరచాలి, తూములు పెట్టాలి, మత్తడి కట్టాలి. వందలమంది చెమట లేనిదే ఆ పని జరగదు. మట్టి తట్టలు మోసిన స్త్రీలకు ఏ శాసనంలోనూ పేరు లేదు. రాజకుటుంబపు స్త్రీని చరిత్ర అంచు నుంచి మధ్యకు తెచ్చేటప్పుడు, ఆ అంచుకు అవతల ఉన్నవారిని మరిచిపోకూడదు.

ఈ హద్దులు శాసనం విలువను తగ్గించవు. దాన్ని సరిగా చదవడానికి పనికివస్తాయి.

8. సారాంశం

మైలాంబ జీవితం గురించి మనకు దొరికినది ఆమె బంధుత్వాల ద్వారానే: మహాదేవుని కుమార్తె, గణపతిదేవుని సోదరి, రుద్రుని భార్య. ఈ మాటలతో ఆగిపోతే ఆమె మరొకరి కథలో పాత్ర మాత్రమే. బయ్యారం శాసనాన్ని రచనగా చదివినప్పుడు దృశ్యం మారుతుంది. అక్కడ బంధుత్వాలు ఆమెను నిర్వచించడం లేదు. ఆమే బంధుత్వాలను వరుస పెట్టి చెబుతోంది. ఒక వంశం తన తొలి తరాలను మనకు అందించడానికి, అత్తవారింటికి వెళ్ళిన ఆడబిడ్డ జ్ఞాపకం కావలసి వచ్చింది.

మీ ఊరి చెరువు కట్ట మీదనో, గుడి ముందరో ఒక శాసనం రాయి ఉండవచ్చు. దాన్ని చదివించుకున్నప్పుడు దాత పేరు దగ్గర ఆగండి. ఆ పేరు స్త్రీది అయితే, ఆమె ఎవరి కూతురుగా, ఎవరి భార్యగా, ఏ పేరుతో తనను చెప్పుకుందో చూడండి. "ఫలానా వారి భార్య" అని ముగించక, ఆమె ఎవరిని తలచుకుందో రాసుకోండి. పాఠ్యపుస్తకాలు వదిలిన ఖాళీలు నిండేది అలాంటి చదువుతోనే.

9. అభ్యాసం

1. బయ్యారం, మోటుపల్లి శాసనాల వంశవర్ణనల మధ్య తేడాను వివరించండి. ఆ తేడాకు కారణాలు ఏమై ఉంటాయి?

2. శాసనదాతను కృతిపతితో పోల్చడం ఎంతవరకు సమంజసం? కావ్య అవతారికల నుంచి ఉదాహరణలతో చర్చించండి.

3. మైలాంబ, గణపాంబ, కుప్పాంబికలు తమ నిర్మాణాలకు పెట్టిన పేర్లను బట్టి వారి కుటుంబ బంధాల గురించి ఏం చెప్పవచ్చు?

4. "మైలాంబ వంశ భావనను మార్చలేదు, అందులో చోటు సంపాదించుకుంది." ఈ అభిప్రాయంతో మీరు ఏకీభవిస్తారా? మీ వాదనను ఒక పుటకు మించకుండా రాయండి.